చోటు చాలని ఫోను

నేను ఒక సెల్‌ఫోనును. పార్వతీపురం బజారులో రాజ్యం టీచరు నన్ను కొన్నది చెల్లెలితో మాట్లాడుకోవడానికి. కానీ ఆమె పనిచేసేది కొండమీది చిన్న బడిలో. పదిహేడుమంది పిల్లలు, ఒక గది, ఒకే టీచరు. వారం తిరక్కుండానే నేను ఆ బడికి రెండో టీచరునయ్యాను. జీతం లేదు, సెలవు లేదు.

పొద్దున్నే పిల్లల ముఖాలు, మధ్యాహ్నం గుడ్లు, ఆ తర్వాత మరుగుదొడ్డి. అన్నీ ఫొటో తీసి ఆఫీసుకు పంపాలి. పిల్లవాడు గుడ్డు తిన్నాడా అని ఎవరూ అడగలేదు. ఫొటో వచ్చిందా అనే అడిగేవారు. సిగ్నలు కోసం టీచరు బడి వెనక బండ ఎక్కి నన్ను ఆకాశానికి చూపేది. మిగిలిన చార్జింగుతో పాఠం.

ఆ పాఠంలో ఒక బొమ్మ కుందేలు పట్నపు తెలుగులో గబగబా మాట్లాడేది. పిల్లల ఇళ్లలో మాట్లాడేది కువి భాష. కుందేలు గెంతితే నవ్వేవారు, ప్రశ్న అడిగితే నేల చూసేవారు. మూడో తరగతి పూర్ణ అయితే రెండేళ్లుగా బడిలో నోరే విప్పలేదు.

ఒకరోజు పూర్ణను దిగబెట్టడానికి వాళ్ల అవ్వ జమ్మి వచ్చింది. టీచరు ఆమెను అరుగుమీద కూర్చోబెట్టి, నన్ను ముందుంచి, కువిలో ఒక కథ చెప్పమంది. జమ్మి నన్ను పురుగును చూసినట్టు చూసి, ఎలుగుబంటికీ చీమకూ వచ్చిన తగాదా చెప్పింది. మర్నాడు తరగతిలో నేను ఆ గొంతు వినిపించగానే పూర్ణ లేచి నిలబడింది.

"అవ్వ తప్పు చెప్పింది టీచరు. చీమ కాదు, చీమ పెళ్లాం," అంది, తెలుగులో.

"చీమ పెళ్లామా? ఏదీ, నువ్వు చెప్పే," అంది టీచరు.

ఆ ఏడాది జమ్మి పదకొండు కథలు చెప్పింది. పిల్లలు కువిలో విని, తెలుగులో చెప్పి, ఆ తర్వాత రాసేవారు. వానాకాలంలో జమ్మి జ్వరంతో పోయింది. గొంతు నాలో మిగిలింది. అంత చాకిరీలోనూ నాకు గర్వంగా అనిపించిన సంగతి అదొక్కటే.

తర్వాత ఆఫీసువారు కొత్త యాప్ తెచ్చారు. దానికి నాలో చోటు చాలలేదు. మెమరీ కార్డు పెట్టే అర ఎప్పుడో పాడైంది. బండమీద ఉండగా ఆఫీసు గుమస్తా ఫోను చేశాడు. "సాయంత్రంలోగా ఫొటోలు రావాలి టీచరుగారూ. లేకపోతే మెమో వస్తుంది. ఇప్పటికే ఒకటుంది మీమీద."

చోటు కోసం టీచరు చెల్లెలి పెళ్లి ఫొటోలు చెరిపేసింది. కాసేపు ఆగి, తండ్రి ఫొటోలు చెరిపేసింది. చాలలేదు. కథల్ని చెల్లెలికి పంపబోయింది. మొదటిది సగంలో ఉండగానే సిగ్నలు పోయింది.

ఆమె తరగతిలోకి వచ్చి, నన్ను బల్లమీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు పిల్లలకు చెప్పింది. పదకొండు కథలూ ఆఖరిసారి వినిపించాను. తలా ఒకటి గుర్తుంచుకుంటామని పెద్ద పిల్లలు పంచుకున్నారు. ఒక్కొక్కటే చెరిపేస్తూ వచ్చిన టీచరు వేలు చివరిదాని దగ్గర ఆగిపోయింది. జ్వరం మొదలైన రోజున జమ్మి చెప్పిన కథ అది. మధ్యలో దగ్గు కూడా ఉంది.

"ఇదొక్కటీ ఉంచేద్దామే పూర్ణా. మెమో ఇస్తే ఇచ్చుకోనీ."

"వద్దు టీచరు, మిమ్మల్ని తిడతారు," అంది పూర్ణ. "ఈ కథ నాకొచ్చు. దగ్గు కూడా వచ్చు."

టీచరు ముఖం తిప్పుకుంది. పూర్ణే దగ్గరికి వచ్చి, తన వేలితో నొక్కింది. జమ్మి వెళ్లిపోయింది. సాయంత్రం బండమీద కొత్త యాప్ ఎక్కింది, ఫొటోలు వెళ్లాయి. "అందినవి" అని ఆఫీసు నుంచి జవాబు వచ్చింది.

ఇప్పుడు నా బ్యాటరీ ఉబ్బిపోయింది. బడి బీరువాలో పాత హాజరుపట్టీల మీద పడి ఉన్నాను. బయట కొత్త ఫోను పాఠం చెబుతూ ఉంటుంది. మధ్యలో ఎవరో పిల్ల కువిలో ఏదో అంటుంది. టీచరు పాఠం ఆపి, "ఏటే, మళ్లీ చెప్పు," అంటుంది. ఆ పిల్ల చెప్పేది పట్టి ఉంచే ఓపిక ఇక నాకు లేదు. టీచరు వింటోంది కదా అనుకుని కళ్లు మూసుకుంటాను.