నత్తగుల్ల ఎన్నో నంబరు

నత్తగుల్ల మూడో ఊరు దాటేసరికి పదకొండయింది. పెద్దమ్మ గోడ గడియారం చూసి, పక్కనున్న కాగితం మీద టైము వేసి, పెన్సిలు చెవి వెనక దోపుకుని, మిషన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. మిషన్ అంటే పెద్దదేమీ కాదు, రెండు అరచేతుల మధ్య ఇమిడే వీడియో గేమ్. దాని తెర మీద బూడిదరంగు గుల్ల మోసుకుంటూ ఒక నత్త నాలుగో ఊరి దారిన పాకుతోంది. ఆ పాకడం కూడా, ఇల్లు తెలియక వేరేవాళ్ళ తలుపు తట్టిన మనిషిలా, మొహమాటంగా ఉంటుంది.

ఆ ఆటలో జంతువులు మొత్తం ఇరవై నాలుగు. నిజం జంతువులు కావు. ఎవరో కూర్చుని ఊహించి గీసినవి. నిప్పుతొండ, ఉరుముపిల్లి, గాజుచేప, రాతిగుడ్లగూబ, ఇలాంటివి. ఆడేవాళ్ళు ముందు ఒకదాన్ని తోడు తీసుకుని, దారిలో కనిపించినవాటిని పట్టుకుంటూ తొమ్మిది ఊళ్ళు తిరగాలి. ఊరికొక కాపలావాడు ఉంటాడు. వాణ్ణి ఓడిస్తేనే అవతలికి దారి. ఆట ఇంకా బజారులోకి రాలేదు. వచ్చేలోగా ఏది మంచి జంతువో, ఏది చేతకానిదో తేల్చాలి. ఈ మూడో అంతస్తు గదిలో తొమ్మిది బల్లలు, తొమ్మిదిమంది మనుషులు ఉన్నది అందుకే. ఒక్కొక్కరు రోజుకొక జంతువును తీసుకుని, ఇంకో తోడు లేకుండా, మొదటి ఊరి నుంచి ఆఖరి గేటు దాకా దానితోనే నెట్టుకురావాలి. ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు పడిపోయిందో రాయాలి. అన్నీ ఆడాక వరసగా నంబర్లు వేయాలి. పైనున్న మూడూ కొత్తగా ఆడేవాళ్ళ ముందు నిలబడి 'నన్ను తీసుకో' అంటాయి. కిందున్న ఆరూ ఆటలోంచి పోతాయి.

పెద్దమ్మ ఇరవై మూడు ఆడేసింది. నత్తగుల్ల ఆఖరిది.

"నా ఓటు ఉరుముపిల్లికే," అంది పక్కబల్ల అమ్మాయి, చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుంటూ. రోజంతా అవి తల మీదే ఉంటాయి కాబట్టి ఆ గదిలో అందరూ ఆమెను హెడ్‌ఫోనమ్మాయి అంటారు.

"ఉరుముపిల్లా? దాని మొహం. నాలుగు చినుకులు పడితే పడకేస్తుంది," అన్నాడు ఎదురుబల్ల గడ్డం అబ్బాయి.

"నీ నిప్పుతొండ మహా గొప్పా? ఐదో ఊళ్ళో కాలవ చూసి ఎలా పరుగెత్తిందో నేను చూళ్ళేదనుకున్నావా?"

"పరుగెత్తలేదు. వెనక్కి తగ్గింది. దాన్ని వ్యూహం అంటారు."

"అవునవును. కప్పులు కడిగే వంతు వచ్చినప్పుడు నీకూ వ్యూహం గుర్తొస్తుంది."

గదంతా నవ్వింది. గడ్డం అబ్బాయి కూడా నవ్వాడు. "సరే, మధ్యవర్తిని అడుగుదాం. పెద్దమ్మా, నువ్వు చెప్పు, ఏది బెస్టు?"

పెద్దమ్మ తెర మీంచి కళ్ళు తీయలేదు. "ఏదైనా ఒకటేరా."

"ఇదిగో, ఈవిడని అడగడం మనది బుద్ధితక్కువ!"

ఆమె తప్పించుకోవడానికి అనలేదు. ఆమెకు నిజంగానే అన్నీ ఒకటి.

ఆమెకు యాభై మూడేళ్ళు. మిగతావాళ్ళెవరికీ పాతిక దాటలేదు. మూడేళ్ళ కిందట చెల్లెలి కూతురు ఈ ఉద్యోగం ఇప్పించింది. ఆ పిల్ల తర్వాత వేరే కంపెనీకి వెళ్ళిపోయింది గానీ, ఆమె పిలిచిన పిలుపు ఇక్కడ ఉండిపోయింది. అలా అందరికీ పెద్దమ్మ అయింది.

అంతకుముందు ఇరవై రెండేళ్ళు మేజోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసింది. కన్నం పడ్డవీ, కుట్టు జారినవీ, జతలో ఒకటి పొడుగై ఒకటి పొట్టయినవీ పెట్టెలో వేసి ఆమె బల్ల మీదకు తోసేవారు. ఆమె సూదితో, దారంతో, ఒక్కోసారి పంటితో వాటి సంగతి చూసేది. సాయంత్రానికి అవన్నీ మంచివాటిలో కలిసిపోయేవి. పారేయడానికి ఒక్కటి మిగిలేది కాదు. ఈవిడ చేతిలో పడితే చెడ్డ మేజోడు అనేదే లేదని సూపర్‌వైజరు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు కూడా పెట్టె ఖాళీ చేసే లేచింది.

ఇంట్లోనూ అంతే. చిన్నప్పుడు అక్కకి పొట్టయిన బట్టలు ఆమెకు వచ్చేవి. సరిపోకపోతే సరిపోయేలా కుట్టుకునేది. అక్కను చూడటానికి వచ్చిన మనిషిని అక్క వద్దంది. వచ్చినవాళ్ళను ఊరికే పంపడం ఎందుకని ఇంట్లోవాళ్ళు ఈమెను అడిగారు. అడగడమంటే, "నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నారు. లేదంది. ముప్ఫై ఏళ్ళయింది. ఆయన గురక పెడతాడు. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడు. మంచివాడే. ఏది వద్దో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఏది కావాలో కూడా.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి టీమ్ లీడరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలన్నా ముందు చేతి గడియారం చూసుకుంటాడు కాబట్టి వెనకాల అతన్ని గడియారం అంటారు. అప్పుడూ చూసుకుని, ఆమె కాగితం బల్ల మీద పెట్టాడు.

"అందరి కాగితాల్లో నిప్పుతొండకి నాలుగున్నర గంటలు పట్టింది పెద్దమ్మా. రాతిగుడ్లగూబకి ఎనిమిది. నత్తగుల్లనైతే ఎనిమిదిమందీ సగంలోనే వదిలేశారు. మరి మీ కాగితం చూడండి."

ఆమె చూసింది. ఐదు గంటల నలభై నిమిషాలు. ఐదు నలభై రెండు. ఐదు నలభై ఒకటి. ఐదు నలభై. కింది దాకా అలాగే ఉన్నాయి. పడిపోయినవెన్ని అన్న గళ్ళన్నిటిలో సున్నాలు.

"మీ చేతిలో అన్నీ గెలుస్తున్నాయి. అదీ సమస్య."

"ఓడితే సమస్య అనుకున్నా బాబూ."

"మాకు తేడా తెలియాలి పెద్దమ్మా. మొదటిసారి ఆడేవాళ్ళకి మీ చేతులు ఉండవు కదా." మళ్ళీ గడియారం చూసుకున్నాడు. "ఈ సాయంత్రం ఐదింటికి నంబర్లు వేసిన కాగితం ఇవ్వండి. పైవాళ్ళు అడుగుతున్నారు, ఈ బల్ల అవసరమా అని. అవసరమే అని చెప్పడానికి నేను ఏదో ఒకటి చూపించాలి."

'ఈ బల్ల' అన్నాడు, 'మీరు' అనలేదు. మర్యాద తెలిసినవాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర ఫోను మోగింది. ఆయన. మోకాళ్ళు పట్టేసి పని మానేసిన దగ్గర్నుంచి వంట ఆయనదే, ఇల్లు నడిచేది ఈమె జీతం మీద.

"రాత్రికి బంగాళాదుంపా, క్యాబేజీయా?"

"ఏదైనా పర్లేదు."

"నీతో ఇదే తంటా. ఒక్కసారి ఒకటి చెప్పొచ్చుగా."

"మీకేది వీలైతే అది."

"నాకు రెండూ వీలే. అందుకేగా అడిగేది." అటువైపు ఏదో మూత పడిన చప్పుడు. "సరే, క్యాబేజీ చేస్తా. తిన్నాక, బంగాళాదుంపైతే బాగుండేది అనకు మళ్ళీ."

"ఎప్పుడైనా అన్నానా?"

ఆయన "అనలేదులే," అని పెట్టేశాడు.

మూడూ పన్నెండుకి నత్తగుల్ల ఆఖరి గేటు దాటింది. తిండికి పోయిన అరగంట తీసేస్తే ఐదు గంటల నలభై రెండు నిమిషాలు. నత్తగుల్లతో పని చాలా తేలిక. ఎవరైనా కొట్టడానికి వస్తే గుల్లలోకి ముడుచుకోమనాలి. కొట్టీ కొట్టీ వాళ్ళు అలిసిపోతారు. అప్పుడు బయటికి రమ్మని ఒక్క దెబ్బ వేయించాలి. మిగతావాళ్ళకు అంత ఓపిక లేక దాన్ని ముందే బయటికి పిలుస్తారు, అంతే తేడా. పెద్దమ్మ టైము వేసింది. పడిపోయినవి దగ్గర సున్నా పెట్టింది.

గడియారం వచ్చి వంగి చూశాడు. నిట్టూర్చాడు. కసురుకోలేదు.

"ఒక పని చేయండి. ఆఖరి ఊరు ఒక్కటీ మళ్ళీ ఆడండి. తెలియనట్టు ఆడండి. ఇవాళే కొనుక్కొచ్చినట్టు. అది పడిపోతే ఇరవై నాలుగు అని వేసేయండి. ఒకటి కింద పడితే మిగతావి వాటంతటవే వరసలోకి వస్తాయి."

"తెలియనట్టా?"

"అవును."

"సరే బాబూ."

ఆఖరి ఊరి కాపలావాడి దగ్గర బొగ్గుగద్ద ఉంటుంది. ఇల్లంత రెక్కలు. నత్తగుల్ల దాని ఎదురుగా నిలబడింది. ఈ ఆటలో మనం ఏదో ఒకటి చెప్పేదాకా ఎవరూ కదలరు. గద్ద రెక్కలాడిస్తూ ఉంటుంది, నత్త కొమ్ములాడిస్తూ ఉంటుంది, అలా ఎంతసేపైనా. పెద్దమ్మ రెండు నిమిషాలు అలాగే చూసింది. తర్వాత, తెర మీది 'ముడుచుకో' అన్నదాన్ని దాటేసి, 'బయటికి రా' అన్నది నొక్కింది.

వచ్చింది. ముందు కొమ్ములు, తర్వాత మెడ. ఇటు చూసి, అటు చూసి, పూర్తిగా బయటికి వచ్చి నిలబడింది. గద్ద కొట్టింది. పచ్చగా ఉన్న ప్రాణం గీత సగానికి తరిగింది.

బయటికి రా.

మళ్ళీ వచ్చింది. ముందు కొమ్ములు, తర్వాత మెడ. ఇటూ అటూ చూసింది. దెబ్బ తిన్నానన్న గుర్తే లేదు దానికి. చెప్పారు కాబట్టి వచ్చింది. గీత ఎర్రబడింది.

పెద్దమ్మ బొటనవేలు తనంతట తానే 'ముడుచుకో' వైపు జరిగింది. దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చింది.

బయటికి రా.

మూడోసారి కూడా వచ్చింది.

అది పడిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. గుల్ల వెల్లకిలా దొర్లింది. ఒక కొమ్ము ముందు వాలింది, కాసేపాగి రెండోది. రెండూ ఒకేసారి వాల్చకుండా, ఎవరో కూర్చుని ఇంత శ్రద్ధగా గీశారు. మూడు చిన్న స్వరాలు వినిపించాయి. నత్తగుల్ల అలిసిపోయింది, మళ్ళీ మొదలుపెడతారా అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

ఏమీ అనిపించలేదు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. ఎదురుబల్ల దగ్గర ఎవరో తుమ్మారు. ఏసీ ఆగి మళ్ళీ అందుకుంది. చెవి వెనక పెన్సిలు తీసి, నంబర్ల కాగితం మీద ఇరవై నాలుగు ఎదురుగా 'న' అని రాసింది. దాన్ని చూసింది. రబ్బరుతో చెరిపేసింది. కాగితం పైకి జరిపి, ఒకటి ఎదురుగా నత్తగుల్ల అని పూర్తిగా రాసింది. కింద ఇరవై మూడు గీతలు మిగిలాయి. వాటిలో రాయడానికి ఏమీ తోచలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా గడియారం వచ్చి కాగితం తీసుకున్నాడు. చేతి గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.

"ఒకటో నంబరా? అందరూ ఆఖర్న పెట్టినదాన్నా?"

"అవును."

"అదేంటి, పడిపోలేదా?"

"పడిపోయింది. పడేశాను."

"మరి?"

ఆమె ఆలోచించింది. "అది నాకు నచ్చింది బాబూ."

"నచ్చడం దీనిలో రాదు పెద్దమ్మా." అతని గొంతు తగ్గింది. "తొమ్మిది కాగితాలూ కలిపి సగటు తీస్తారు. మీరు ఒకటి వేసినా అది కిందే ఉంటుంది. ఎలాగూ పోయేదే."

"పోనీ."

"మిగతా ఇరవై మూడూ?"

"అవన్నీ ఒకటే."

అతను కాగితం మడిచాడు, మళ్ళీ విప్పాడు. "ఇది పైకి పంపితే వాళ్ళేమంటారో మీకు తెలుసు కదా. ఇంకో పది నిమిషాలున్నాయి. ఏదో ఒకటి నింపేయండి. ఎవరూ సరిచూడరు."

పెద్దమ్మ కాగితం వైపు చూసింది. పెన్సిలు చేతిలోనే ఉంది. "ఏది బాగుందని అడిగారు, చెప్పాను," అంది. అని, పెన్సిలు బల్ల మీద పెట్టింది.

అతను కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సోమవారం ఆఫీసుకి ఫోన్ చేస్తే మీకు రావలసిన జీతం లెక్క సంగతి చెబుతారు," అన్నాడు. "అలాగే," అంది ఆమె.

కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది. నీళ్ళ సీసాలో మిగిలినవి తాగేసింది. కుర్చీ బల్ల కిందికి నెట్టింది.

"వెళ్ళొస్తానే."

హెడ్‌ఫోనమ్మాయి ఒక చెవి మాత్రం ఖాళీ చేసుకుంది. "ఆదివారం బాగా నిద్రపో పెద్దమ్మా. సోమవారం కొత్త ఆట ఇస్తారట, చూద్దాం అందులో ఏది బెస్టో."

"చూడు," అంది పెద్దమ్మ, ఆ పిల్ల భుజం మీద ఒకసారి చెయ్యేసి. మెట్లు దిగేటప్పుడు ఆమె చెప్పుల చప్పుడు రెండు అంతస్తుల దాకా వినిపించి, ఆగిపోయింది.

ఆరింటికి దీపాలు ఆర్పడానికి వచ్చిన మనిషి బల్లలన్నీ తుడుచుకుంటూ ఆమె బల్ల దాకా వచ్చాడు. మిషన్ అక్కడే ఉంది, తెర ఆరిపోయి. అతను దాన్ని ఎత్తి కింద గుడ్డతో తుడిచి, తిరిగి అదే చోట పెట్టాడు. దాని ఎడమవైపు బొత్తాల మీద ఉండాల్సిన నాలుగు బాణం గుర్తులూ మూడేళ్ళ బొటనవేలి కింద అరిగిపోయి, ఏది ఎటువైపుదో తెలియకుండా, ఏటి నీళ్ళలో ఒరిసిన గులకరాళ్ళలా నున్నగా ఉన్నాయి.