అనస్ గదిలో ముగ్గురు

పొద్దున్నే ఏడింటికల్లా బదరున్నీసా కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. చోడవరం బస్టాండు వెనక సందులో ఆమె కుట్టే జాకెట్లకి మంచి పేరు. పక్కగదిలో కొడుకు అనస్ ఉంటాడు. ఇరవై మూడేళ్లవాడు. అనకాపల్లిలో డిగ్రీ చదువుతుండగా వాడికి గొంతులు వినబడడం మొదలైంది. ఆ గదిలోకి ఎవరు అడుగుపెట్టినా వాళ్లకీ వినబడతాయి, గడప ఇవతలికొస్తే ఆగిపోతాయి. ఒక ఆడమనిషి, వాడేం చేస్తున్నా వరసగా చెప్పుకుపోయే కుర్రగొంతు, పొడిదగ్గుతో ఒక మగాయన.

జాకెట్టు గుడ్డ తెచ్చిన పక్కింటి అచ్చియ్యమ్మ గదిలోకి ఒక అడుగేసి వచ్చి, "ఈయేళ ఆడమనిషి మరీ రెచ్చిపోతన్నాదే. గుంటడు ఏటైనా తిన్నాడా?" అంది.

"లేదమ్మా. నేను అన్నంలో ఏదో కలుపుతున్నానని సెప్తన్నాది."

పదకొండు రోజులైంది వాడు తల్లి చేతి ముద్ద తిని. మాత్రలూ మానేశాడు. సీలు విప్పని బిస్కెట్ పేకెట్లతో బతుకుతున్నాడు.

భర్త పోయాక బదరున్నీసాకి అన్న వజీరే పెద్దదిక్కు. రావికమతం రూట్లో ఆటో తోలుతాడు. రెండేళ్లుగా రోజూ వస్తాడుగానీ, ఏ ఒక్కరోజూ మేనల్లుడి గడప దాటలేదు.

"రావికమతంలో ఒకాయన ఉన్నాడు బదరూ. గొలుసేసి నలభై రోజులు ఉంచితే కుదురుతాదంట. రేపు తీసుకుపోదాం," అన్నాడు.

కాదనే ధైర్యం చాల్లేదామెకి. రెండు చొక్కాలు, ఒక లుంగీ మడిచి సంచీలో పెట్టింది. మడిచిన ప్రతిదీ కళ్లకద్దుకుంది.

మర్నాడు ఎంత పిలిచినా అనస్ బయటికి రాలేదు. చివరికి వజీరే లోపలికి వెళ్లాడు, వెనకాల ఆమె.

"వచ్చేరు. నిన్ను కట్టేస్తారు. ఈలోగా బావిలోకి దూకీ," అంటోంది ఆడగొంతు.

"మంచం కోడు పట్టుకున్నాడు. రెండు సేతుల్తోనీ పట్టుకున్నాడు," అంది కుర్రగొంతు.

"దూకను. నిన్నా సెప్పేను, మొన్నా సెప్పేను," అన్నాడు అనస్, నేల చూస్తూ.

బదరున్నీసా కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు దగ్గాయన దగ్గు ఆపాడు. "ఎవరది? వజీరా? ముప్పయ్యేళ్లయిందిరా నిన్ను సూసి."

వజీర్ గోడకి చేరగిలి కూర్చున్నాడు. చెల్లెలి వైపు తిరిగాడు.

"నా పంతొమ్మిదో ఏట హైదరాబాద్ పనికెళ్లేనని నీకు సెప్పేరు కదా బదరూ? వెళ్లలేదు. ఈ గొంతు వినబడతాందని ఆర్నెల్లు గొలుసుతో కట్టేసేరు."

"తగ్గింది కదా అన్నయ్యా?"

"గొలుసుకి తగ్గలేదు. అప్పుడు నాకొక్కడికే వినబడేది, తగ్గిందని అబద్ధం ఆడితే విప్పేరు. ఈ దగ్గాయన ఇంకో ఏడేళ్లు నాతోనే ఉండి, తనంతట తనే పోయేడు. కుదిరిందని అందరూ అంటే, గొలుసుకే కుదిరిందని నేనూ నమ్మేను."

అనస్ తలెత్తాడు. "మామూ, నీకూనా?"

వజీర్ నీళ్ల సీసా మూత తీసి, తను రెండు గుక్కలు తాగి వాడికి అందించాడు. అనస్ దాన్ని కాసేపు చూసి తాగాడు.

ఆటో రావికమతం వైపు తిరగలేదు. విశాఖపట్నం ఆస్పత్రిలో వాడు మూడు వారాలున్నాడు. మాత్రలు మింగనన్నాడుగానీ నెలకో ఇంజెక్షనుకి ఒప్పుకున్నాడు. గొంతులు పోలేదు, మెత్తబడ్డాయి. తల్లి పెట్టిన అన్నం తింటున్నాడు.

ఇంటికి పంపే రోజు ఝాన్సీ అనే డాక్టరమ్మ వచ్చింది. ఈ జబ్బు మీద రీసెర్చి చేస్తోంది.

"నా పెంపకంలో లోపమా అమ్మా?" అనడిగింది బదరున్నీసా.

"కాదమ్మా. మన మనసులో మాట మనదేనని మెదడు గుర్తుపట్టాలి. ఆ గుర్తింపు తప్పితే సొంత ఆలోచనే పరాయి గొంతులా వినిపిస్తుందని మాలో కొందరి ఆలోచన. ఎందుకు తప్పుతుందో పూర్తిగా తెలీదు. రక్తసంబంధం కొంత, బతికిన బతుకు కొంత. అందుకే కుటుంబాల రక్తం పరీక్షిస్తున్నాం. మీ వాళ్లలో ఇంకెవరికైనా ఉందా?"

బదరున్నీసా అన్న వైపు చూడకుండా ఉండడానికి కిటికీ వైపు తిరిగింది.

వజీర్ చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి బల్ల మీద పెట్టాడు.

"నాకుందమ్మా. రాసుకో. పేరు షేక్ వజీర్."