మంచిగ పెరుగుతున్నయి

సామ్యేలు గాజు సీసాను మూడోసారి కడిగి వెలుతురుకెత్తి చూశాడు. మచ్చ లేదు. చేతులకు రెండు జతల గ్లవుజులు. ఆర్ఎన్ఏ పనికి వాడే సీసాకు వేలి చెమట తగిలినా నాలుగు రోజుల పని పాడైపోతుంది. హబ్సిగూడ రోడ్డు మీది ఆ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అతని ఉద్యోగం ఇదే. సింకు ముందు నిలబడీ నిలబడీ మోకాళ్ళు అరిగాయి, మెడ ముందుకు వంగింది. సీసాల్లో ఏం పోస్తారని ఏనాడూ అడగలేదు. అడగకపోవడమే మర్యాద అనుకునే మనిషి.

ఈసారి మాత్రం ఓ చెవి అటే వేసి ఉంచాడు. చెల్లెలు రూతు భర్త టిమోతికి బ్లడ్ క్యాన్సర్. నాచారంలో నూలు మిల్లు కార్మికుడు. ల్యాబులో రోగుల రక్తకణాలను పెంచి పరీక్షిస్తారు; దవాఖానా నుంచి అతని రక్తం తెచ్చింది సామ్యేలే. ల్యాబులో పేర్లుండవు, నంబర్లే. చేతిరాత గుండ్రంగా ఉంటుందని టిమోతి కణాల ఫ్లాస్కు మీద 17 అని రాసే పని కూడా అతనికే పెట్టారు.

మిగతా రోగుల కణాలు రెండు మూడు రోజుల్లో చచ్చిపోయేవి. పదిహేడు చావలేదు. కణాలు పెరిగితే ఫ్లాస్కులోని గులాబీ నీళ్ళు పసుపు తిరుగుతాయి. ఎన్నిసార్లు కొత్తవి పోసినా, పదిహేడులో అవి రోజూ తిరుగుతూనే ఉన్నాయి. "మంచిగ పెరుగుతున్నయి" అని రీసెర్చి చేసే పద్మశ్రీ మురిసిపోతుంటే, సామ్యేలు ఆ మాటను పదిలంగా మోసుకెళ్ళి రూతుకు చెప్పాడు. పన్నెండు రోజులు చెప్పాడు. రూతు మనసు కుదుటపడింది. హన్మకొండలో నర్సింగ్ పరీక్షలు రాస్తున్న కూతురు గ్రేసీని పిలవనే లేదు.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూస్తూ, పదిహేడు ఇంత బాగుంటే మనిషి ఎందుకు లేవడం లేదని పద్మశ్రీని అడిగాడు. ప్రొటీన్ తయారు చెయ్యని ఆర్ఎన్ఏ ఒకటుందనీ, పనికిరానిదని ఒకప్పుడు దాన్ని అందరూ వదిలేశారనీ, ఇక పెరగడం ఆపమని శరీరం పంపే కబురు కణానికి అందకుండా అదే అడ్డుపడుతోందని తమ అనుమానమనీ ఆమె ఉత్సాహంగా చెప్పుకుపోయింది. అంతలో అతని ముఖం చూసి గొంతు తగ్గించింది.

"అన్నా, పెరిగేది రోగం. మనిషి కాదు."

సామ్యేలుకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. వరండాలోకి వెళ్ళి రూతుకు ఫోన్ చేశాడు.

"చెల్లే, తెల్వక చెప్పిన. అవి పెరుగుడు మంచిది కాదంట. గ్రేసీని జల్ది పిలిపియ్యి."



"పరీక్షలు రాసినంకనే రా అని నేనే అన్న గదా, అన్నా" అంది రూతు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గ్రేసీ దొరికిన బస్సెక్కింది. ఆమె కోసం సామ్యేలు ఉప్పల్ చౌరస్తాలో, దుమ్ములో, వరంగల్ నుంచి వచ్చే ప్రతి బస్సునూ చూస్తూ నిలబడ్డాడు. ఆరున్నరకు రూతు ఫోన్ చేసింది. టిమోతి పోయాడని చెప్పి, పిల్ల ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. ఘట్‌కేసర్ దాటిందన్నాడు.

గ్రేసీ దిగింది. తెల్ల యూనిఫాం ఒంటి మీదే ఉంది, చేతిలో హాల్‌టికెట్ నలిగిపోయింది.

"నాయినకెట్లున్నది మామా?"

మంచిగున్నది అనే మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"పోయిండు బిడ్డా" అని ఆమె సంచీ అందుకున్నాడు.

సమాధి చేసిన మూడోరోజు పనిలోకి వచ్చాడు. రాగానే గ్లవుజులు తొడుక్కుని, కణాలను పెట్టే వెచ్చటి అలమార తలుపు తీశాడు. మధ్య అరలో, గుండ్రటి చేతిరాతతో 17 అని ఉన్న ఫ్లాస్కులో, గులాబీ నీళ్ళు మళ్ళీ పసుపు తిరిగి ఉన్నాయి.