దాత: సింహాద్రి, యారాడ

శ్రీరామ్మూర్తి పార్టీ ఆఫీసులో అప్పటికి నూట నలభై రసీదులు రాశాడు. పొద్దున్నే క్వారీ కాంట్రాక్టరు మనిషి డబ్బు సంచీ దించి వెళ్లాడు. పార్టీకి నగదుగా ఒక్కొక్కరు రెండు వేలకు మించి ఇవ్వకూడదు కనక, ఆ సంచీ సాయంత్రానికల్లా వందలమంది పేదవాళ్ల ఎన్నికల చందాగా మారిపోవాలి. మార్చే మనిషి ఆయనే. అరవై నాలుగేళ్లు, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, వేళ్లకు వదలని సిరా. జీతం పన్నెండు వేలు. ఈ వయసులో అంత ఇచ్చే చోటు ఇంకెక్కడా లేదు.

పేర్ల కోసం ఆయన వెతుక్కోనక్కర్లేదు. పోర్టులో ముప్పై ఏళ్లు కళాసీల హాజరుపట్టీ రాసిన చెయ్యి. పోయినవాళ్ల పేర్లంటే మరీ మక్కువ. ఒక్కో పేరు రాస్తుంటే ఆ మనిషి మళ్లీ బరువు దించి, చెమట తుడుచుకుని, “ఉన్నానండీ” అన్నట్టే ఉండేది. పాపం, తప్పుడు పని కూడా ప్రేమగా చేసేవాడు.

ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఇన్‌చార్జి ఉదయ్‌కుమార్ ఉన్నవాడు ఊరుకోక, పోయిన వారం రసీదుల్లోని దాతలందరికీ ధన్యవాదాల కార్డులు పోస్టు చేయించాడు.

పదకొండింటికి పోతమ్మ వచ్చింది. యారాడ సింహాద్రి భార్య. కళాసీ సింహాద్రి, శ్రీరామ్మూర్తి ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఆ వరసన ఈమె చెల్లెలు. కార్డు బల్ల మీద పెట్టింది.

“అన్నయ్యా, పక్కింటి పిల్ల సదివింది. మా మావ రెండేలు ఇచ్చినాడంట. నిజవేనా?”

కలం ఆగింది.

“ఆటోకి డబ్బుల్లేక ఆస్పత్రికి బస్సులో తీసుకెళ్లినాను ఆడిని. నా ఒళ్లోనే దగ్గుకుంట ఉన్నాడు. పోయేముందు రెండేలు దాసీసి ఈళ్లకి ఇచ్చీసినాడా? ఇయ్యాల ఆడి సంవత్సరీకం. పొయ్యి ఎలిగించనేదు నాను. ఆడికి నా సేతి కూడు ఎందుకు?”

పక్కగది తలుపు తీసే ఉంది. లోపల ఉదయ్‌కుమార్ ఫోనులో నవ్వుతున్నాడు. ‘నాకు తెలీదమ్మా’ అంటే చాలు, ఉద్యోగం ఉంటుంది. కానీ తన రాత వల్ల సింహాద్రి ఇవాళ పస్తుండాలి. ఆయన కలానికి మూత పెట్టాడు.

“ఆడు పైసా ఇవ్వలేదు చెల్లీ. నానే రాసీసినాను ఆడి పేరు.”

“ఎందుకూ?”

“ఈళ్లకి పేర్లు కావాల. నాకు బావ గుర్తొచ్చినాడు.”

పక్కగదిలో నవ్వు ఆగిపోయింది. పోతమ్మ కార్డు వెనక్కి తీసుకుంది. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది.

“అయితే ఆడు దాసనేదు,” అంది. ఇంకోసారి, తనలో తనే, “దాసనేదు.” అప్పుడు ఏడ్చింది. గోడ గడియారం చూసి ఉలిక్కిపడి, “పన్నెండు దాటిపోతాదేటో, ఆడికి కూడొండాల” అంటూ పరుగున మెట్లు దిగిపోయింది.

ఉదయ్‌కుమార్ గుమ్మంలోకి వచ్చాడు.

“రేపట్నుంచి మీరు రావద్దండి.”

శ్రీరామ్మూర్తి లేచాడు. అనుకున్నంత భయం వెయ్యలేదు. నాలుగడుగులు వేశాక ఇంట్లో నిండుకున్న బియ్యం గుర్తొస్తే బాగానే వేసింది. అయినా వెనక్కి తిరగలేదు.

బయట ఎండ మండిపోతోంది. గడప పక్కన పోతమ్మ చెప్పులు అలాగే ఉన్నాయి, నీలం రబ్బరువి, ఎడమదాని పట్టీకి పిన్నీసు.