వెనక వచ్చేవాళ్ల టైము

కుడి బూటు తొడుక్కోవడానికి ఆమెకు ఒక నిమిషం చాలు. ఎడమ బూటుకు నాలుగు పడతాయి. ముందు మడమ దగ్గర మెత్తటి గుడ్డ మడత పెట్టాలి. తర్వాత పాదాన్ని కాస్త పక్కకు తిప్పి లోపలికి దూర్చాలి. ఆపైన లేసును మరీ బిగించకుండా, మరీ వదులుగా వదిలేయకుండా కట్టాలి. చిన్నప్పుడు గోడ మీంచి పడి విరిగిన ఎముక సరిగా అతక్క, ఆ కాలు రెండో కాలికన్నా వేలెడు పొట్టిగా ఉండిపోయింది. అందుకే ఆఫీసువాళ్లు ఏటా ఇచ్చే కొత్త బూట్లను ఆమె నేరుగా వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరకు పట్టుకెళ్తుంది. ఆయన పాత టైరు ముక్క కోసి, ఎడమ బూటు అడుగున వేలెడు మందాన అతికించి, చుట్టూ మేకులు కొట్టి ఇస్తాడు.

“ఇంకా కాలేదా? బస్సేమన్నా మీ పుట్టింటివాళ్లదా, నీకోసం ఆగడానికి?” అన్నాడు భర్త వంటింట్లోంచి.

ఆయన ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్క పూట కూడా డ్యూటీకి ఆలస్యంగా వెళ్లలేదు. ఆమె బుద్ధెరిగాక ఎక్కడికీ ముందుగా వెళ్లలేదు. ఆయన ‘ఆలస్యం అమృతం విషం’ అంటూ, ఆమె ‘నిదానమే ప్రధానం’ అంటూ ముప్ఫై మూడేళ్లు ఒకే కప్పు కింద కాపురం చేశారంటే, అందులో గొప్పంతా ఎవరిదో తేల్చడం కష్టం.

“ఇవాళొక్కరోజు ఓర్చుకోండి. రేపట్నించి సాధించడానికి మీకు బస్సు వంక కూడా ఉండదు,” అంటూ ఆమె నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని లేచింది. ఇవాళ ఆమె ఉద్యోగానికి ఆఖరి రోజు.

నగరం చుట్టూ ఉన్న నడకబాటల్ని చూసుకునే ఆఫీసులో ఆమె బాటలు బాగుచేసే పనిలో చేరి ఇరవై ఆరేళ్లయింది. పాత రైలు కట్ట మీద వేసిన బాట, వాగు వెంట బాట, తోపులోంచి గుట్ట మీదకు ఎక్కే బాట, ఇలా మొత్తం పదకొండు. సెలవురోజుల్లో జనం పొద్దున్నే బస్సు దిగి, నడిచి, సాయంత్రానికి మళ్లీ బస్సెక్కి ఇళ్లకు పోతారు. బట్టలకు ముళ్లు గీరుకోలేదంటే అంతకుముందే ఎవరో వాటిని నరికారని, వానాకాలంలో కాలు జారలేదంటే ఎవరో పక్క కాలవలోంచి ఆకులు ఎత్తిపోశారని వాళ్లకు తట్టదు. తట్టాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆఫీసులో అందరికీ ఆమె నత్తక్క. నడక చూసి పెట్టిన పేరు. మొదట్లో ఆ పేరు వింటే అరికాలి మంట నెత్తికెక్కేది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే పలకడానికి ఆలోచించుకోవాలి.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరితోనో వాదిస్తున్నాడు.

“నత్తక్కా, చూడు ఈయన్ని! కొత్త బాట రేపు తెరుస్తారు మహాప్రభో అంటే వినడే!”

గేటు ఊచ పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఆమెకు ముఖపరిచయమే. భారీ మనిషి, తలమీద ఎప్పుడూ ఎర్రటి ఊలు టోపీ. రెండేళ్లుగా ఏదో ఒక బాట మీద కనిపిస్తూనే ఉన్నాడు. ఆమె ఆగిన బల్ల దగ్గరే ఆయనా ఆగుతాడు. “ఎండగా ఉందమ్మా,” అని ఆయనంటే, “అవునన్నయ్యగారూ,” అని ఈమె అనడం తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

“రేపు కుర్రకారంతా వచ్చిపడతారమ్మా. ఆ తొక్కిడిలో నేనెక్కడ నడవను? ఒక్కసారి ముందే వెళ్లి చూసుకుందామని,” అన్నాడాయన, తప్పు చేసి దొరికినవాడిలా.

“ఉండండి, ఆఫీసరమ్మను అడిగొస్తా,” అని ఆమె లోపలికి వెళ్లింది.

రేపు తెరవబోయేది పన్నెండో బాట. పాత రైలు కట్ట మొదట్లో బయల్దేరి, మూతపడ్డ రాతి క్వారీ మీదుగా, అవతల జలాశయం దగ్గర బస్సు ఆగే చోటుకు దిగుతుంది. ఇదొక్కటీ కలిస్తే నగరం చుట్టూ బాట పూర్తవుతుంది. కాళ్లున్నవాడెవడైనా ఊరంతటినీ చుట్టి రావచ్చు. దానికోసం ఆమె మూడేళ్లు రాళ్లు మోసింది. కాబట్టి ఈరోజు పండగలా ఉండాలి. కానీ వారం రోజులుగా ఒక సంగతి ఆమెను ముల్లులా గుచ్చుతోంది.

అది బోర్డుల సంగతి. ప్రతి బాట మొదట్లోనూ చివరా, ఎక్కడికి ఎంత సేపు పడుతుందో రాసిన బోర్డు ఒకటుంటుంది. ఆ నిమిషాలన్నీ నత్తక్క కాళ్లవి. ఆమె చేరిన ఏడాది, మొదటి బోర్డు రాయించే రోజున, మేస్త్రీ పనివాళ్లందర్నీ బాట మీద నడిపించాడు. కుర్రాళ్లు పందెం వేసుకుని ఇరవై నిమిషాల్లో చేరారు. ఆమె కాలీడ్చుకుంటూ, మధ్యలో రెండుసార్లు కూచుని లేచి, నలభై నిమిషాలకు అందరికన్నా ఆఖర్న వచ్చింది. మేస్త్రీ గడియారం చూసి, “నలభై రాయి,” అన్నాడు పెయింటరుతో. అందరూ గొల్లున నవ్వారు. నలుగురిలో నవ్వులపాలు చేశాడని ఆమె ఇంటికొచ్చి ఏడ్చి, రెండ్రోజులు పనిలోకి పోలేదు. మూడోరోజు మేస్త్రీయే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“పిచ్చిదానా, ముందొచ్చేవాడికి బోర్డెందుకే? వెనక వచ్చేవాడికి కదా కావాల్సింది!”

మేస్త్రీ పోయి పదేళ్లు దాటింది. ఆయన పెట్టిన పద్ధతి మాత్రం పోలేదు. రెండు నెలల క్రితం కొత్త ఆఫీసరమ్మ వచ్చేదాకా.

కొత్త ఆఫీసరమ్మ చెడ్డ మనిషేం కాదు. వయసులో చిన్నది, చురుకైనది, వచ్చిన వారంలోనే అన్ని బాటలూ స్వయంగా తిరిగింది. ఇప్పుడు బల్ల మీంచి ఒక కాగితం తీసి చూపించింది.

“పరుగుల సంఘంవాళ్ల ఉత్తరమమ్మా. మీ బోర్డులు చూస్తే నవ్వొస్తోంది అని రాశారు. కొత్త బాట నిన్న నేను ఫోన్‌తో కొలిచాను, యాభై రెండు నిమిషాలు. పదకొండున్నరకు పెయింటరు అవతలి చివరికి వస్తాడు. రెండు చివర్లా అది రాశాక, సోమవారం నుంచి మిగతా పదకొండూ మార్చేస్తాడు.” కాస్త ఆగి మెత్తగా అంది. “మీ మీద కోపంతో కాదు. రేపట్నించి మీరుండరు. ఇంకో బాట వేస్తే ఎవరి కాళ్లతో కొలవాలి చెప్పండి? ఫోన్ రిటైరవ్వదు కదా.”

ఇరవై ఆరేళ్లలో నత్తక్క పేరు ఏ రాతి మీదా ఎక్కలేదు. ఎక్కినవి ఆ నిమిషాలే. అవి చెరిపేస్తే తను ఇక్కడ తిరిగిన గుర్తు ఒక్కటీ మిగలదు. దుఃఖం పొంగుకొచ్చింది. పైకి చెప్పుకోవడానికి మాత్రం సిగ్గేసింది.

“ఈ పన్నెండోది కూడా నన్ను నడవనివ్వండి మేడమ్. తర్వాత మీ ఇష్టం.”

“మోకాలు బాగాలేదన్నారుగా?”

“కాలు నాదే కదా, దానికి నేను నచ్చజెప్పుకుంటా. గేటు దగ్గర టోపీ ఆయనొకడున్నాడు, ఆయన్నీ రానివ్వండి. పూచీ నాది.”

ఆఫీసరమ్మ నవ్వేసింది. “సరే పదండి. నేనూ వస్తా.”

సరిగ్గా పదింటికి ముగ్గురూ బయల్దేరారు. పది నిమిషాలకల్లా ఆఫీసరమ్మ కట్ట మీద దూరంగా చుక్కైపోయింది. నత్తక్క తొందరపడలేదు. సంతలోంచి నిండు సంచీతో ఇంటికి వచ్చే మనిషిలా నడవమని మేస్త్రీ నేర్పాడు. అలాగే నడిచింది. కంకర మీద కుడి బూటు చప్పుడు ఒక రకం, ఎడమ బూటుది ఒక రకం. వెనక టోపీ ఆయన ఊపిరి వినిపిస్తోంది. మొదటి బల్ల రాగానే ఇద్దరూ కూలబడ్డారు.

“నావల్ల మీకు ఆలస్యమవుతోందేమో,” అన్నాడాయన.

“పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. మనం కూచునే తాగుదాం,” అని ఆమె సీసా అందించింది.

అక్కడిదాకా పాత కట్ట బాటే, దాని బోర్డు ఒకటి ఆ బల్ల పక్కనే ఉంది. ఇద్దరు కుర్రాళ్లు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చి దానిముందు ఆగారు. “పెద్ద వంతెన, ముప్ఫై ఐదు నిమిషాలట! ఎవడ్రా కొలిచింది? పాక్కుంటూ వచ్చాడా?” పగలబడి నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నత్తక్కకు ఇలాంటివి మామూలే, తనూ లోలోపల నవ్వుకునేది. కానీ ఇవాళ నవ్వు రాలేదు. టోపీ ఆయనకైతే ముఖం కందగడ్డయింది.

“వీళ్లకేం తెలుసమ్మా! నాకు గుండె ఆపరేషనై ఆర్నెల్లు మంచంలో ఉన్నా. డాక్టరు నడవమన్నాడు. మావాడి పక్కన నడిస్తే, పది అడుగులకోసారి వెనక్కి చూసి నిట్టూరుస్తాడు. అంతకన్నా మంచమే నయమనిపించింది. ఒకరోజు వాగు బాట దగ్గర బోర్డు చూశా. చిన్న వంతెన, ఇరవై నిమిషాలు అని. వెళ్లా. సరిగ్గా ఇరవై! నాలాంటి నడక కూడా లోకంలో ఉందని ఆ బోర్డొక్కటే చెప్పింది. వంతెన కమ్మీ పట్టుకుని పసివాడిలా ఏడ్చేశానమ్మా. అప్పట్నించి ఒక్కో బోర్డు ప్రకారం నడుస్తూ వచ్చా. పదకొండూ అయ్యాయి.”

ఆ నడక నాదే అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. గొప్ప చెప్పుకున్నట్టుంటుందని మింగేసింది. కళ్లు తుడుచుకోవడానికి మాత్రం ముఖం పక్కకు తిప్పుకోవాల్సొచ్చింది.

క్వారీ దగ్గర మెట్లు మొదలయ్యాయి. రెండొందల పది. ఒక్కో మెట్టు ఎప్పుడు పరిచిందీ, ఏ రాయి ఎవరి వేలు నలిపిందీ ఆమెకు తెలుసు. నూట ముప్ఫై దాకా ఎక్కింది. ఆపైన మోకాలు ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టైంది. మెట్టు మీదే కూలబడింది. ఇక్కడ ఆగిపోతే బోర్డు మీద యాభై రెండే పడుతుంది. పన్నెండు బాటల బోర్డుల మీదా ఫోన్ నిమిషాలు. లేవబోయింది. కాలు లేవలేదు.

టోపీ ఆయన ఆమెను దాటి ఒక మెట్టు పైకెక్కి నిలబడ్డాడు. “ఇందాకట్నించి మీ వీపు చూస్తూ వచ్చా. ఇప్పుడు మీరు నా టోపీ చూస్తూ రండి. తొందరేం లేదు, నాకంటే నెమ్మదిగా ఎవరూ నడవలేరు.”

ఆమె లేచింది. ఎర్ర టోపీ ఒక మెట్టు ఎక్కుతుంది, ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ ఎక్కుతుంది. బడికి పోయేటప్పుడు, పెళ్లిలో, ఆస్పత్రిలో, సంతలో ఆమె ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకే నడిచింది, ఎప్పుడూ దూరమవుతున్న వీపుల్నే చూసింది. ఈ వీపు దూరం కాలేదు. జీవితంలో మొదటిసారి ఒకరి వెనక నడుస్తూ ఆమెకు వెనకబడ్డాననిపించలేదు.

పైకి చేరేసరికి గాలి ముఖాన కొట్టింది. కింద నగరమంతా పరిచినట్టు కనిపించింది. దాని చుట్టూ సన్నటి బాట, అక్కడక్కడా చెట్లలో మాయమై మళ్లీ తేలుతూ, తిరిగి తిరిగి వాళ్ల కాళ్ల దగ్గరకే వచ్చింది. “మొత్తం నడిచేశాను!” అని ఆమె గట్టిగా అరిచింది. ఎందుకరిచిందో తనకే తెలియదు. టోపీ ఆయన టోపీ తీసి గాల్లో ఊపాడు.

అవతల దిగి బస్సు ఆగే చోటుకు వచ్చేసరికి పదకొండూ నలభై. ఆఫీసరమ్మ రాతి మీద కూచుని ఉంది. పెయింటరు డబ్బా మూత తీసి కుంచె కలుపుతున్నాడు. ఖాళీ బోర్డు తెల్లగా నిలబడి ఉంది.

“గంటా నలభై!” అన్నాడు టోపీ ఆయన ఆయాసపడుతూనే. “మేడమ్, మీ ఇంజనీరుగారెవరో ఒక్కసారి చూపించండి. ఆ బోర్డుల టైములు కట్టినాయన. ఆయనకో దండం పెట్టుకోవాలి.”

ఆఫీసరమ్మ నత్తక్క వైపు చూసింది.

“ఇంజనీరూ కాదు, ఆయనా కాదు,” అంది నత్తక్క. ఇరవై ఆరేళ్లుగా ఎవరితోనూ అనని మాట. “నేను.”

టోపీ ఆయన ఆమె ముఖం చూశాడు, తర్వాత ఎడమ బూటు చూశాడు. రెండు చేతులూ జోడించాడు. “అయితే రెండేళ్లుగా నేను ఒంటరిగా నడవలేదన్నమాట,” అన్నాడు.

ఆమెకు ధైర్యం వచ్చేసింది. “మేడమ్, ఇక్కడ ఆఖరి బస్సు ఐదింటికి. యాభై రెండని రాస్తే, నాలుగింటికి బయల్దేరొచ్చులే అనుకుంటారు ఈయనలాంటివాళ్లు. వచ్చేసరికి బస్సుండదు, చీకట్లో ఆ మెట్ల మీంచే వెనక్కి పోవాలి. పొద్దున మీరడిగారే, నా తర్వాత ఎవరి కాళ్లతో కొలవాలని? నా కాళ్లే అక్కర్లేదు. నలుగుర్ని నడిపించండి. అందరికన్నా వెనక వచ్చినవాళ్ల టైము రాయండి. ముందొచ్చేవాళ్లకు బోర్డెందుకు? ఈ మాట మా మేస్త్రీది.”

ఆఫీసరమ్మ ఫోన్ చూసుకుంది. క్వారీ మెట్ల వైపు చూసింది. లేచి చీర దులుపుకుంది.

“గంటా నలభై రాయి,” అంది పెయింటరుతో.

“యాభై రెండన్నారుగా మేడమ్?”

“అది నా టైము. నాకు బోర్డక్కర్లేదు. సోమవారం రావద్దు, పాతవి అలాగే ఉంటాయి.”

పెయింటరు కుంచె ముంచాడు. ఒక్కో అక్షరం తేలుతుంటే నత్తక్క చూస్తూ నిలబడింది. నొప్పి మోకాల్లో ఉంది, ఆనందం మిగతా ఒళ్లంతా ఉంది.

సాయంత్రం స్టోరు గదిలో ఆఫీసు వస్తువులన్నీ అప్పగించింది. కొడవలి, ఈల, పచ్చకోటు, చివర్న బూట్లు. “ఇవి ఇంకెవరికీ సరిపోవు, పట్టుకుపో నత్తక్కా,” అన్నాడు స్టోరుకీపరు. “రిజిస్టర్లో రాసినవి ఇచ్చెయ్యాల్సిందే,” అని ఆమె సంచిలోంచి చెప్పులు తీసి వేసుకుంది. గేటు దాకా అందరూ వచ్చారు. గేటు బయట భర్త గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

“ఐదింటికన్నావు, ఐదూ పది. బస్సెళ్లిపోయింది.”

“మంచిదే. నడిచెళ్దాం పదండి.”

“నీ నడకతోనా? తెల్లారుతుంది!”

“తెల్లారనీండి,” అంది ఆమె. ఆయన ఏదో గొణిగి, అడుగులు చిన్నవి చేసుకుని ఆమె పక్కన నడిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

స్టోరు గది కిటికీ దగ్గర, క్వారీ తెల్లదుమ్ము ఇంకా వదలని బూట్ల జత ఉండిపోయింది, కుడిదానికన్నా ఎడమది వేలెడు ఎత్తుగా.