అరిస్టాటిల్ లెక్కపెట్టని పళ్ళు

మనిషి నోట్లో ఎన్ని పళ్ళుంటాయన్న సంగతి తేల్చుకోవడానికి మా కోయిలకుంట్లకు గ్రీకు దేశం నుంచి ఒక పెద్దమనిషి రావలసి వచ్చింది. వచ్చినాయన ఒక్క దారిన రాలేదు, రెండు దారుల్లో వచ్చాడు.

మొదటి దారి మా జేజినాయనది. జేజినాయన అంటే మా నాయనకు నాయన, తిమ్మయ్య హెడ్మాస్టరు. మద్రాసులో చదివాడు, ముప్పై ఏళ్ళు బడి నడిపాడు, రిటైరై అరుగు మీద కూర్చున్నాక కూడా ఊరంతా తన క్లాసే అనుకునేవాడు. ఆయన దగ్గర దిండంత లావు ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది. అరిస్టాటిల్ అనే గ్రీకు తత్వవేత్త జంతువుల గురించి చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. రెండో దారి నబీ సాహెబ్ గారిది. ఆయన యునానీ వైద్యం చేసే హకీం. ఆయన నమ్ముకున్న మహానుభావుడి పేరు అరస్తూ. సాయంత్రమైతే ఇద్దరూ మా అరుగు మీద చేరి, అరిస్టాటిల్ గొప్పా, అరస్తూ గొప్పా అని ఇరవై ఏళ్ళుగా తగువులాడుకుంటున్నారు.

నేను కృష్ణవేణమ్మను, ఇంట్లో వేణమ్మను. ఈ కథ నాటికి, అంటే యాభై ఏడులో, నాకు పద్దెనిమిదేళ్ళు. కడపలో మేనమామ ఇంట్లో ఉండి ఇంటరు ముగించుకుని వచ్చాను. కర్నూల్లో కొత్తగా డాక్టరు కాలేజీ పెట్టారని విని, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు కాగితం తెప్పించుకున్నాను. నాయన నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి సంరక్షకుడి సంతకం జేజినాయన పెట్టాలి. శనివారానికి కాగితం కర్నూలు చేరాలి. సోమవారం సాయంత్రం దాన్ని పట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను.

"ఆడపిల్లకు డాక్టరు చదువేందిమే," అన్నాడు జేజినాయన. "నేనంటాండే మాట కాదు, అరిస్టాటిల్ అంటాండాడు. ఆడదానికి ఒంట్లో వేడి తక్కువ, నోట్లో పండ్లు తక్కువ. మనుషుల్లో, గొర్రెల్లో, మేకల్లో, పందుల్లో, అన్నిట్లో అంతే. ప్రకృతే తక్కువ జేసి పంపినాక మనమేం జేస్తాం."

పక్కనున్న నబీ సాహెబ్ తల పైకెత్తాడు. "ఈ మాట మా అరస్తూది గదప్పా. గొర్రెలు, మేకలు, పందులు, అదే వరస. మీవోడు కాపీ కొట్టినాడు."

"మీవోడే కొట్టింటాడు. మావోడు అలెగ్జాండరుకు చదువు జెప్పినోడు."

"మావోడు సికందరుకు జెప్పినాడు."

ఇద్దరూ ఆగిపోయారు. సికందరన్నా అలెగ్జాండరన్నా ఒకడేనని జేజినాయన బళ్ళో ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠమే. అయితే అరస్తూ కూడా అరిస్టాటిలే. ఒకే మనిషి ఒక దారిన బాగ్దాదు, ఢిల్లీ, హైదరాబాదు మీదుగా హకీముల చేతుల్లో వచ్చాడు. ఇంకో దారిన లండను, మద్రాసు మీదుగా బడి పుస్తకాల్లో వచ్చాడు. వచ్చి, మా అరుగు మీద ఇరవై ఏళ్ళు తనతో తానే తగువులాడుకున్నాడు. నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది గానీ నవ్వే సందు దొరకలేదు. ముసలాళ్ళిద్దరూ అప్పటికప్పుడు ఒకటైపోయి నామీదికి తిరిగారు.

"ఇద్దరు పండితులు ఒకే మాట జెప్పినారంటే అది సత్యం," అన్నాడు జేజినాయన.

"ఇద్దరు కాదు గదా జేజినాయనా, ఒకడే. ఆయన లెక్కబెట్టినాడా? మీరు లెక్కబెట్టినారా?"

"ఆయన జెప్పి రెండువేల మూడు నూర్లేండ్లయింది. ఇన్నాళ్ళూ పెద్ద పెద్దోళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం లెక్కబెట్టేదేంది?"

"సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూడకుండా దుడ్లిస్తావా?"

ఆ మాటకు ఆయనకు ఒళ్ళు మండింది. "సరే. ముప్పైరెండు పండ్లుండే ఆడదాన్ని నా కండ్లకు చూపించు. ఆ పొద్దే సంతకం పెడతా. ల్యాకపోతే నీ కాగితం పొయిలోకి పోతాది."

ఓస్ ఇంతేనా అనుకున్నాను. మంగళవారం పొద్దున్నే నోటుబుక్కు, పెన్సిలు పట్టుకుని ఊరి మీద పడ్డాను. మొదట గొర్రెల కాపరి చిన్న ఈరన్నను పట్టుకున్నాను. ఆయన ఒక పొట్టేలు నోరు, ఒక గొర్రె నోరు తెరిచి చూపించి, "దానికి ముందర ఎనిమిదే, దీనికీ ఎనిమిదే. ఈమాత్రం దానికి పుస్తకమెందుకు పాపా?" అన్నాడు. తర్వాత తన నోరు కూడా తెరిచాడు. ముప్పైరెండు. మగవాళ్ళందరూ అడగడమే ఆలస్యం, సరదాగా నోళ్ళు తెరిచారు. అందరికీ ముప్పైరెండు, ముప్పైరెండు. ఇక నా స్నేహితురాళ్ళను వరసగా కూర్చోబెట్టి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది. మళ్ళీ ఇరవై ఎనిమిది. అద్దం తెచ్చుకుని నావి చూసుకుంటే అవీ అంతే. అరిస్టాటిల్ నెగ్గుతున్నాడు. నా నోరే నాకు ద్రోహం చేసిందని కాసేపు ఏడ్చాను.

నా ఏడుపు చూసి నబీ సాహెబ్‌కు జాలేసింది. "ఏడవాకమ్మా," అన్నాడు. "చివరి నాలుగు పండ్లు ఇరవై దాటినాక గానీ రావు. మేం అకల్ దాఢ్ అంటాం, తెలివొచ్చినాక వచ్చే పన్నని." నేను లేచి గంతేశాను. నేను చూసిన మగవాళ్ళందరూ ముప్పై దాటినవాళ్ళు, ఆడపిల్లలందరూ పద్దెనిమిది దాటనివాళ్ళు. కాయల్ని తీసుకుపోయి పండ్లతో తూచి, కాయలు తక్కువ బరువున్నాయని ఏడ్చిన తెలివి నాది.

బుధవారం పెద్దవాళ్ళ దగ్గరికి బయల్దేరాను. కానీ అప్పటికే ఊళ్ళో గాలి తిరిగింది. "హెడ్మాస్టరు మనమరాలు పన్ను లెక్క రాసుకుంటాండాది" అని ఎవరో అన్నారట. పన్నంటే నోట్లో పన్నని నా ఉద్దేశం. గవర్మెంటుకు కట్టే పన్నని ఊరి ఉద్దేశం. మధ్యాహ్నానికి అది ఇంకా ముదిరి, ఎన్ని పండ్లుంటే అంత పన్నట అని తేలింది. నేను వీధిలోకి అడుగుపెడితే ఆడవాళ్ళందరూ పెదాలు బిగించేవారు. "నాకు పదైదే పాపా," అని ఒకామె మూసిన నోటితోనే గొణిగింది. మా పక్కింటి ఉరుకుందు పెళ్ళామైతే గడప మీద కూర్చుని చెరుకు గడను పంటితో చీలుస్తూ, "నాకు ఒక్కటీ ల్యాదు, రాసుకో," అంది, చెరుకు నములుతూనే.

గురువారం సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే ధైర్యం చేసింది. ఏడుగురు పిల్లల తల్లి. ఇరవై నాలుగు పళ్ళున్నాయి. నా మొహం వాడిపోవడం చూసి, "పుట్టినప్పట్నించీ ఇన్నే అనుకుంటివా? పిల్లల్ని కనీ కనీ ఊడిపాయ," అంది. నేను మళ్ళీ నోరు తెరిపించి, ఊడిన చోట్లు లెక్కపెట్టాను. ఎనిమిది సందులు. ఇరవై నాలుగూ ఎనిమిదీ ముప్పైరెండు. నడివీధిలో పరుగెత్తుకుంటూ అరుగు మీదికొచ్చి చెప్పాను.

"సందులు పండ్లెట్లయితాయి?" అన్నాడు జేజినాయన. "అయినా నా కండ్లకు చూపించమంటి."

చూపించడమే కుదరలేదు. హెడ్మాస్టరు ముందు ఏ ఆడది నోరు తెరుస్తుంది? సుబ్బలక్ష్మమ్మ చెవులు పట్టుకుని వద్దంది. శుక్రవారం పొద్దెక్కింది. కర్నూలు బస్సు మూడు గంటలకు. కాగితం నా చేతిలో చెమటకు తడిసి మెత్తబడిపోయింది.

అప్పుడు నబీ సాహెబ్ వచ్చాడు. మొహం అదోలా ఉంది. "తిమ్మయ్యా, నాకు మనసు ఆగలేదప్పా," అన్నాడు. "మా ఇంటామె బషీరాబీ నోరు తెరిపించి చూసినా. ముప్పైరెండు. మూడుసార్లు లెక్కబెట్టినా. నాలుగోసారికి కొరికింది."

"నువ్వు జెబితే నమ్మాల్నా? నా కండ్లతో చూడాల," అన్నాడు జేజినాయన.

నాకు కోపం ముంచుకొచ్చింది. "కండ్ల ముందర కూచున్న స్నేహితుడు లెక్కబెట్టి జెబితే నమ్మవు. ఎప్పుడో పోయినాయన లెక్కబెట్టకుండా జెబితే నమ్ముతావు. ఇదేం న్యాయం జేజినాయనా?"

నబీ సాహెబ్ మెల్లగా అన్నాడు: "ఆయన గొప్పోడేనప్పా. కోడిగుడ్లను రోజుకొకటి పగలగొట్టి, లోపల పిల్ల ఎట్ల పెరుగుతాండాదో చూసినోడు. చూసి తెలుసుకోండని జెప్పిందీ ఆయనే. ఒక్క కాడ ఆయనే చూడకుండా అనేసినాడు. మనోళ్ళు ఆయన కండ్లు వదిలేసి మాటలు పట్టుకున్నారు."

జేజినాయన కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. లేచి ఇంట్లోకి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

పెరట్లో జేజి, అంటే మా నాయనమ్మ, చేటలో కందిబేడలు ఏరుతోంది. ఆమె పేరు గురమ్మ. ఆమెను చూడగానే నా నెత్తిన నేనే మొట్టుకున్నాను. నాలుగు రోజులు ఊరంతా తిరిగి నోళ్ళు వెతికినదాన్ని, రోజూ నాకు ముద్దలు కలిపి పెట్టే మనిషి నోరు గుర్తుకే రాలేదు. నేనూ ఆ గ్రీకు ఆయన కన్నా పెద్ద తెలివైనదాన్ని కాదు. నిజం చెప్పాలంటే, జేజినాయన ఇంట్లో ఉంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకునే తిరిగేది. నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేను వినలేదు.

"గురమ్మా, నోరు తెరువు," అన్నాడు జేజినాయన.

ఆమె తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఆయన వంగి, గడ్డం పట్టుకుని ఆమె మొహాన్ని ఎండకు తిప్పాడు. పట్టపగలు ఆయన ఆమెను ముట్టుకోవడం అదే మొదటిసారి చూశాను. వేలితో ఒక్కో పన్నూ తాకుతూ, బళ్ళో లెక్కలు చెప్పినట్టు ఇంగ్లీషులో గట్టిగా లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన ఆగలేదు. ఆకువక్కకు ఎర్రబడ్డాయి గానీ ఒక్కటీ ఊడలేదు. ముప్పైరెండు. నమ్మలేక తెలుగులో ఇంకోసారి, ఈసారి కిందినుంచి లెక్కపెట్టాడు. ఏ భాషలోనైనా అంతే.

"అయిందా?" అంది జేజి.

"అయింది. ఇంక మూసుకో గురమ్మా."

ఆమె మూసుకోలేదు. చేట పక్కన పెట్టింది.

"నేనీ ఇంటికొచ్చి నలభై ఐదేండ్లాయ. నోరు తెరువు అని నువ్వు అనింది ఈ పొద్దే. తెరిచినా గదా, ఇను. నా బిడ్డ నాగలక్ష్మి కాన్పు కష్టమై రెండు దినాలు అల్లాడింది. కర్నూల్లో ఉండేది మగ డాక్టరు, ఆయనకు చూపించగూడదంటివి. బండి కట్టిద్దామని నేనంటే నోరు మూసుకోమంటివి. మూసుకుంటి. బిడ్డా పాయ, కడుపులోదీ పాయ. ఆ పొద్దు ఒక ఆడ డాక్టరుండింటే నాకు బిడ్డ మిగిలేది. ఈ పిల్లకు సంతకం పెట్టు."

మా మేనత్త ఎట్లా పోయిందో నాకు ఎవరూ చెప్పలేదు. జేజినాయన చేతిని అట్లే గాల్లో పెట్టుకుని నిలబడి, తర్వాత ఆ చేతినే నావైపు చాచాడు, కాగితం కోసం. సంతకంలో రెండో అక్షరం దగ్గర సిరా ఒలికింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు, రెండూ ఉండొచ్చు.

కాగితం తీసుకుని నబీ సాహెబ్ తనే మూడు గంటల బస్సెక్కాడు. నేను బస్టాండు నుంచి తిరిగొచ్చేసరికి జేజి ఇంకా మాట్లాడుతూనే ఉంది. జేజినాయన కందిబేడల చేట ఒళ్ళో పెట్టుకుని, రాళ్ళేరుతూ, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా వింటున్నాడు.