హావిస్ చెవిన పడిన మాటలు

1349 ఫిబ్రవరిలో, సోమర్‌సెట్ పల్లె నెదర్‌కోంబ్‌లో ప్లేగుతో మొదటి శవం లేచింది. మర్నాటికి ఫాదర్ థర్స్టన్ లేడు, ఆయన గాడిదా లేదు. ఆయన తల్లి మాత్రం ఉంది. ఆవిడ నడవలేదు.

మార్చిలో బిషప్పు ఉత్తరం వచ్చింది. గంట కొట్టే ఓడో చర్చిలో కూడబలుక్కుంటూ చదివాడు. చావు ముంచుకొచ్చి, ఫాదర్ దొరక్కపోతే ఎవరికైనా పాపాలు చెప్పుకోవచ్చు. మగవాడు లేకపోతే ఆడదానికైనా సరే. విన్న మనిషి మాత్రం చచ్చేదాకా ఆ మాట బయటపెట్టకూడదు.

జబ్బు ఇళ్ళ గడప ఏ మగవాడూ తొక్కలేదు. బీరు కాచి అమ్ముకునే హావిస్ తొక్కింది. ఆగస్టు దాకా నలభై ముగ్గురి నోటి దగ్గర చెవి పెట్టింది. అందరికీ చంకల్లో గడ్డలే. వాళ్ళలో ఆమె మొగుడు ఆడ్కిన్ ఒకడు.

సెప్టెంబరులో రోగం పోయింది, ఫాదర్ వచ్చాడు. ఆదివారం చర్చిలో నిలబడి అడిగాడు.

"ఈ రోగం ఎందుకొచ్చింది? మీ పాపాల వల్ల. ఆడవాళ్ళు బిగుతు గౌన్లు తొడుక్కోవడం వల్ల."

"ఎమట్ కన్న చంటిది మూడు నెలలకే పోయింది. అదేం గౌను తొడుక్కుంది ఫాదర్?" అంది హావిస్.

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు.

"నీ సంగతికే వస్తున్నా. ఆడదాని చెవిలో చెప్పుకుంటే పాపం తీరదు. ఎవరెవరు ఏం చెప్పారో ఇప్పుడు నాకు చెప్పు. చెప్పకపోతే నలభై మూడు శవాలూ తవ్వించి చర్చి గోడ అవతల, ఉరిపడ్డ వాళ్ళ పక్కన పాతిస్తా."

ఆయన పక్కనే దొరగారి గుమాస్తా సిరాబుడ్డితో నిలబడ్డాడు. "ముందు విల్కిన్ సంగతి చెప్పు. దొరగారి చేలోకి గట్టు రాయి జరిపానన్నాడా?"

అప్పటికి హావిస్‌కి అర్థమైంది. విల్కిన్ ఇంట్లో మిగిలింది కూతురు ఎమట్ ఒక్కతే. రోగం తర్వాత దొర పొలాల్లో కోతకి మనుషుల్లేరు, వచ్చినవాళ్ళు రెట్టింపు కూలి అడుగుతున్నారు. ఆ నేరం చూపి పొలం లాక్కుంటే ఎమట్ పాత కూలికే దొర చేలోకి దిగాలి.

విల్కిన్ రాయి జరిపాడు. చచ్చేముందు చెప్పి ఏడ్చాడు.

"చెప్పెయ్ వదినా," అన్నాడు ఓడో. "మా ఆవిడ కూడా ఉంది అందులో."

"మీ ఆవిడ నిన్ను పిలిచి పిలిచి చచ్చిపోయింది ఓడో. నువ్వు పశువుల కొట్టంలో దాక్కున్నావు. ఇవాళ గుర్తొచ్చిందా?"

ఎమట్ తల ఎత్తలేదు. హావిస్ బయటికి నడిచింది. పారిపోయిందనుకున్నారు. వసారాలో ఉన్న గోతులు తవ్వే పార తెచ్చి ఫాదర్ కాళ్ళ ముందు పడేసింది. రాతి నేల మీద అది మోగింది.

"తవ్వండి."

"ఏమిటీ పొగరు?"

"గుమ్మం పక్క మొదటి సమాధి మీ అమ్మది. మీరు గాడిదెక్కి పోయాక, ఏప్రిల్లో ఆవిడ మంచం దగ్గర ఎనిమిది రోజులు కూర్చున్నది నేను. ఆవిడా నా చెవిలోనే చెప్పుకుంది. నా చెవి పనికిరానిదైతే ముందు ఆవిణ్ణి గోడ అవతల పాతండి. తర్వాత మా ఆడ్కిన్. ఆ తర్వాత విల్కిన్."

"ఆవిణ్ణి మినహాయించి..." గుమాస్తా అందుకున్నాడు.

"మినహాయింపా? బిషప్పు ఉత్తరంలో ఎక్కడుందో చూపించు."

ఫాదర్ పార వంక చూశాడు. తీయలేదు. పీఠం వైపు తిరిగి ప్రార్థన మొదలుపెట్టి రెండుసార్లు తప్పాడు. గుమాస్తా సిరాబుడ్డికి మూత బిగించి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం హావిస్ దొడ్లో గంగాళం కలుపుతోంది. కంచె అవతల ఫాదర్ వచ్చి నిలబడ్డాడు.

"హావిస్. మా అమ్మ నా గురించి ఏమైనా అందా?"

గాడిద డెక్కల చప్పుడు వినిపిస్తోందా అని ఆఖరి రోజు ముసలావిడ మూడుసార్లు అడిగింది. అది పాపం కాదు. చెప్పొచ్చు. హావిస్ గరిటె ఆపలేదు.

"చచ్చేదాకా బయటపెట్టకూడదని బిషప్పు రాశాడు ఫాదర్. ఆ ఉత్తరం చదివిన రోజున మీరు ఊళ్ళో లేరు."